అన్న మాటలు, అసలు వేగంలో

మా అన్న చివరి మాటలను నేను రెండింతల వేగంతో విన్నాను. విని, తుడిచేశాను. రెండు పనులూ నా చేతులతో నేనే చేశాను. చేసిన ప్రతిసారీ నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

నేను నేతగాణ్ణి, నేతను కాను. నా మాట సాంచాలే, అంటే నేను నడిపే మరమగ్గాలే, సరిగా వినవు, ఫోనేం వింటుంది? మొదటి లాక్‌డౌన్‌లో సూరత్ కార్ఖానాలన్నీ మూతపడి, చేతులకు పనిలేని రోజుల్లో దాన్ని కొన్నాను. స్మార్ట్ అన్నది దాని పేరులోనే ఉంది. మా ఇద్దరి తెలివినీ ఒకచోట పోసి సమంగా పంచితే లాభపడేది నేనే.

అన్న, నేను లింబాయత్ బస్తీలో ఒకే గదిలో ఉండేవాళ్లం, ఒకే కార్ఖానాలో నేసేవాళ్లం. నాకంటూ సంసారం లేదు. అన్నదే నా సంసారం. వదిన మా ఊళ్లో బీడీలు చుడుతుంది. రెండో వేవ్ ఇక తగ్గిందని అందరూ ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు అన్నకు ఊపిరి అందలేదు. దవాఖానలో చేర్చాను. లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. అన్నది బటన్ల ఫోను. అందుకని పక్క మంచం మనిషి తన ఫోనిస్తే, దానిలోంచి నాకు మాటలు రికార్డు చేసి పంపేవాడు. ఫోన్ చేస్తే లాభం లేదని అన్నకు తెలుసు. సాంచాలు నడుస్తున్న చోట పక్కన పిడుగు పడ్డా వినబడదు. పంపిన మాటైతే చాయ్ తాగే వేళ బయటికొచ్చి వినవచ్చు.

ఇక్కడ నా జోడీ సంగతి చెప్పాలి. జోడీ అంటే మేం నడిపే సాంచాలనే రెండో పాళీలో, అంటే రెండో షిఫ్టులో, నడిపేవాడు. మాకంటే చిన్నవాడు, మా జిల్లావాడే, ఫోను విద్యలో మాకందరికీ గురువు. ఒకరోజు పాళీ మారే వేళ అన్న మాట వింటూ నేను చాయ్ పక్కన పెట్టేశాను. మాటకూ మాటకూ మధ్య అంత ఖాళీ ఉంది.

"ఏందన్నా, మీ అన్న ముచ్చట అయిపోయెటాల్లకు చాయ్ మీద మీగడ కడుతది," అన్నాడు జోడీ. "ఈ ఒకటి అంకె మీద ఒత్తు. ఒకటిన్నర అయితది. ఇంకోసారి ఒత్తు. రెండు. ఇగ సూడు, ఎక్స్‌ప్రెస్ బండి లెక్క ఉరుకుతది."

ఉరికింది. మాటల మధ్య ఖాళీలు కుదించుకుపోయాయి. అన్న హుషారుగా మాట్లాడుతున్నట్టే ఉంది. ఆరోజే వదినకు ఫోన్ చేసి, "మంచిగనే ఉన్నడు వదినా, జల్ది జల్ది మాట్లాడుతుండు," అని చెప్పాను.

తుడిచేయడం మాత్రం జోడీ నేర్పాల్సిన పని కాదు, అది మా వృత్తిలోనే ఉంది. పాళీ అయిపోతుందంటే సాంచ మీది దూది దులుపుతాం, తెగిన పోగులు ఏరుతాం, కింద పడిన నూలు ఊడుస్తాం. వచ్చేవాడికి మన పాళీ ఆనవాలు కనిపించకూడదు. మురికి సాంచ అప్పజెప్పినవాణ్ణి కార్ఖానాలో మనిషిగా చూడరు. పాతికేళ్ల అలవాటు. ఫోను కూడా సాంచ లాంటిదేగా అనుకున్నాను. ఎలా తుడవాలో జోడీని అడిగితే వేలు పట్టుకుని చూపించాడు. ఇక్కడ ఒత్తు, ఇక్కడ ఒత్తు, ఏదో అడుగుతుంది, కింద కుడివైపు మాట మీద ఒత్తు. రోజూ పాళీ దిగాక వచ్చినవన్నీ తుడిచేసి, అద్దంలా ఉన్న ఫోను జేబులో వేసుకుని గదికి వెళ్లేవాణ్ణి. అప్పజెప్పడానికి అవతల ఎవరూ లేరన్న సంగతి ఒక్కనాడూ తోచలేదు.

తొమ్మిదో రోజు అన్న పోయాడు. సంచీలో చుట్టి బండెక్కిస్తుంటే దూరం నుంచి చూశాను. పక్క మంచం మనిషి నంబరుకు చేస్తే ఎత్తలేదు. ఎందుకెత్తలేదో ఎవర్నీ అడగలేదు.

పెద్దకర్మ, మా వైపు పెద్దదినం అంటాం, ఇంకా ఐదు రోజులుందనగా వదిన ఫోన్ చేసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించేటట్టు మాట్లాడింది.

"మొఖం జూడలేదు మర్ది. సంచిల ఉన్నది ఆయననే అని నేనెట్ల నమ్మాలె? దవాఖాన కెల్లి మాటలు పంపుతుండని అంటివి గద. గవి ఒక్కసారి ఇనిపియ్యి. ఇనకుండ నేను దినాలకు కూసోను."

"ఇనిపిస్త వదినా. ఫోను చార్జింగ్ పెట్టిన," అన్నాను, ఆ ఫోన్లోనే మాట్లాడుతూ.

పెట్టేశాక తెరిచి చూశాను. అన్న మాటలుండాల్సిన చోట తెల్లగా ఉంది. అంత శుభ్రంగా నేను ఏ సాంచనూ ఎన్నడూ అప్పజెప్పలేదు.

మా గల్లీ మొదట్లో మొబైల్ షాపు ఉంది. దాని ముందు ఒక బల్ల. షాపతను నా ఫోను తీసుకుని మూడుసార్లు వేలు ఆడించి, నా ముఖం చూడకుండానే తిరిగిచ్చాడు.

"గయా సో గయా, కాకా. యే లూమ్ థోడీ హై, కి ధాగా జోడ్ దియా."

పోయిందేదో పోయింది, తెగిన పోగు ముడేయడానికి ఇదేమన్నా సాంచా అని. వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. అతను చెప్పింది ధర్మమే కావచ్చు. మరీ నా వృత్తిని తెచ్చి నా మీదే వేయకపోతే ఏం పోయేది? నేనూ కాస్త నవ్వి వచ్చేశాను. మాస్కు ఉంది కాబట్టి నవ్వినట్టు ఎవరికీ తెలిసి ఉండదు.

రెండు రోజులు వదిన చేసిన ఫోన్లు నేను ఎత్తలేదు. మూడోనాడు మధ్యాహ్నం నేనే చేసి నిజం చెప్పాను. రోజూ తుడిచేశానని, చార్జింగ్ మాట అబద్ధమని. అవతల బీడీ ఆకు కత్తిరిస్తున్న చప్పుడు ఆగింది.

"తుడిచేటప్పుడు అది ఏమన్న అడుగుతదా?" అంది.

"అడుగుతది. ఇంగ్లీషుల అడుగుతది. నాకేం దెలుస్తది?"

"మరి తెలుగుల పెట్టుకోరాదు? నా డబ్బా ఫోను సుత తెలుగులనే ఉంటది. బీడీల కార్ఖానల లెక్కలు రాసే మునిమి పెట్టిచ్చిండు. గంత పెద్ద ఫోనుకు తెలుగు రాదా?"

వస్తుందో రాదో ఇన్నాళ్లలో నేను దాన్ని అడిగిందే లేదు.

పాళీ ఎగ్గొట్టి గదిలో కూర్చున్నాను. పళ్లచక్రం బొమ్మ కనిపించింది. చక్రం ఉన్నచోటే యంత్రం గుట్టు ఉంటుందని మాకు తెలుసు. లోపలికి వెళ్లి వరసన ఒక్కొక్కటీ తెరుస్తూ మూస్తూ పోయాను. ఒకచోట భూగోళం బొమ్మ. దాన్ని ఒత్తితే భాషల జాబితా. అర్థంకాని అక్షరాల నడుమ ఒక మాట మాత్రం తన అక్షరాల్లోనే ఉంది: తెలుగు. ఎన్నాళ్ల నుంచి అక్కడ కూర్చుని నా కోసం చూస్తోందో. దాన్ని ఒత్తగానే ఫోనంతా తెలుగైపోయింది. నా ఫోనును నేను మొదటిసారి చదివాను.

జోడీతో ఉన్న చాట్‌ను తుడవబోయి ఆగి, తుడిచేటప్పుడు అది అడిగే ప్రశ్న కూడా చదివాను. చాట్‌ను తొలగించాలా అని పైన ఉంది. దాని కింద ఒక చిన్న గడి. ఈ చాట్‌లో వచ్చిన వాటిని ఫోన్‌ నుంచి కూడా తొలగించాలా అని. ఆ గడిలో టిక్కు లేదు. అదేమిటో తెలియక నేను ఎన్నడూ దాని జోలికి పోలేదు. అంటే తుడిచింది పైపైనే.

సాంచ మీద పోగు తెగితే దాని కొసను మేం గుడ్డ వైపు వెతకం. వెనక్కి వెళ్లి, నూలు చుట్టి ఉండే బీము వైపు నుంచి చేత్తో తడుముకుంటూ వస్తాం. అలాగే చేశాను. మాటలొచ్చే పేజీని వదిలేసి, ఫోను తన సామాను దాచుకునే వెనక గదిలోకి వెళ్లాను. దాని పేరు ఫైళ్లు. అందులో ఆడియో. అందులో వారానికొక అర, ఒక్కో అర మీద అంకెలు. చివరి రెండు అరల్లో అన్న పంపినవన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. నేను తుడిచిన కొద్దీ అది దాచింది.

ఒకటి ఒత్తాను. ఇక్కడ వేగం మార్చే అంకె లేదు. అన్న మాట అన్న వేగంలోనే వచ్చింది.

"తమ్మి... సాంచ మీద నా తాను... సగమే అయింది... ఎవ్వల్ని ముట్టనియ్యకు... నేనొచ్చి దించుకుంట."

ఒక్కో ఖాళీలో అన్న గాలి కోసం ఎంత పెనుగులాడాడో ఆరోజు విన్నాను. నేను కుదించేసింది ఆ ఖాళీలనే. ఈ వేగంలో వినుంటే దవాఖాన గేటు దగ్గర నిలబడి గొడవ చేసేవాణ్ణేమో. చేస్తే బతికేవాడని కాదు. గొడవ చేసిన తమ్ముడు ఒకడుండేవాడు.

జోడీ ఫోను అడిగి తీసుకుని, దానితో వదినకు కలిపి, నా ఫోనును దాని పక్కన పెట్టాను. జోడీ తలదించుకుని గడపలో కూర్చున్నాడు. మొదటిది అయింది. రెండోది మొదలైంది.

"మీ వదినెకు జెప్పు... భుజం నొస్తుందన్నది... వెయ్యి బీడీలు జేసేకాడ... ఐదొందలు జాలు..."

మూడోదానిలో ముచ్చటే లేదు. పొరపాటున ఒత్తినట్టున్నాడు. చాలాసేపు ఊపిరి, ఎవరిదో దగ్గు, దూరంగా బండి చక్రాలు. చివర్లో పక్కతన్ని అడుగుతున్నాడు: "దీన్ని... ఎట్ల ఆపాలె?" ఇది నాడు చాయ్ దగ్గర విని నవ్వాను.

"ఆయననే," అంది వదిన. ఆ వెంటనే, "గింత మెల్లగ ఎందుకు పెట్టినవ్?" అంది.

"గిదే వదినా ఆయన మాట్లాడిన తీరు."

"మరి జల్ది జల్ది మాట్లాడుతుండని నాకు జెప్తివి?"

అదీ చెప్పాను. రెండింతల సంగతి మొత్తం చెప్పాను. తిడుతుందని ఆగాను. తిట్టలేదు.

"ఆఖర్ది మళ్ల పెట్టు," అంది. నాలుగుసార్లు పెట్టించుకుంది.

పెద్దదినం నాడు ఆమె కూర్చుంది. ఇప్పుడు ఐదొందల బీడీలకు లేస్తోందట. సాంచ మీద అన్న సగం నేసిన గుడ్డ తానును అప్పటికే ఎవరో దించేశారని మాత్రం ఆమెకు చెప్పలేదు.

ఇక షాపతని లెక్క మిగిలింది. అతను ఫోను భాష మార్చడానికి పైసలు తీసుకునేవాడు. పోయిన ఫొటోలు చెత్తబుట్టలో నెల రోజులుంటాయని తెలిసి కూడా, వాటిని పైకి తియ్యడానికి ఇంకొన్ని తీసుకునేవాడు. నాకు సెలవు దొరికిన ప్రతి మధ్యాహ్నం వెళ్లి అతని షాపు ముందు అతని బల్ల మీదే కూర్చోవడం మొదలుపెట్టాను. లోపలికి వెళ్లబోయే మనవాళ్లను, "ఏం తమ్మి, ఏమైంది ఫోనుకు?" అని పిలిచేవాణ్ణి. పళ్లచక్రం చూపించేవాణ్ణి, భూగోళం చూపించేవాణ్ణి, వెనక అరలు చూపించేవాణ్ణి. ఊరికే. ఒకావిడకు వాళ్ల అమ్మ ఫొటో చెత్తబుట్టలోంచి తీసిచ్చాను. ఎవరైనా మాటలు రెండింతల్లో వింటుంటే, అడగకపోయినా ఒకటికి తెచ్చి ఇచ్చేవాణ్ణి.

నాలుగు వారాలు చూసి షాపతను బయటికొచ్చాడు.

"కాకా, మేరా గ్రాహక్ గయా," అన్నాడు, తన బేరాలు పోయాయని.

బల్ల మీద కొంచెం పక్కకు జరిగి, అతనికి చోటిచ్చాను.

"గయా సో గయా," అన్నాను.