హాంబర్గ్‌లో దాక్కోని గోదురుకప్పలు

"సోమవారంలోగా ఆ కప్పల ఫొటోలు చూపించు, లేకపోతే నేను చెప్పిన అంశం మీదే థీసిస్" అని మా ప్రొఫెసర్ తేల్చేసిన మర్నాడే హాంబర్గ్ బయలుదేరాను. నాది జర్మనీలోనే పాడర్‌బోర్న్‌లో కంప్యూటర్ సైన్స్. దక్షిణ అమెరికా అడవుల్లో అంతరించిపోతున్న విషపు గోదురుకప్పల్ని ఒంటి మీది మచ్చలను బట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టే ప్రోగ్రామ్ రాయాలని నా పంతం. హాంబర్గ్ శివారులోని ఒక పెంపక కేంద్రంలో అవి ఉన్నాయి; అక్కడ శనివారానికి ముందే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని ఉన్నాను.

శనివారం ఉదయం 6.10కి రైలు. నెలవారీ టికెట్‌తో వేగంగా వెళ్లే రైళ్లు ఎక్కనివ్వరు, హానోవర్‌లో, ఊల్‌జెన్‌లో మారాలి. మీరు వెళ్తే తిండి వెంట పెట్టుకోండి. ఊల్‌జెన్ దాటాక పులిహోర డబ్బా విప్పగానే ఎదురుసీటాయన వాసన పట్టేశాడు. గుంటూరాయన, హాంబర్గ్‌లో ఐటీ ఉద్యోగం. సగం ఆయనకే పెట్టి, ఎందుకు వెళ్తున్నానో చెప్పాను.

"కప్పల కోసం ఇంత దూరమా అమ్మా? ఇక్కడ ఉద్యోగానికి బ్లూ కార్డ్ వీసా రావాలంటే బ్యాంకుల సాఫ్ట్‌వేర్ మీద చెయ్యి!"

"బ్యాంకులకు మస్తుమంది ఉన్నరన్నా. వీటికెవరున్నరు?" అన్నాను.

11.40కి వానలో తడుస్తూ కేంద్రం చేరాను. కప్పల్ని చూసుకునే పెద్దావిడ నా చేతులు చూసి తలుపు దగ్గరే ఆపేసింది. పులిహోర చేత్తో తిని, టిష్యూతో తుడుచుకుని వచ్చేశాను. గోళ్లన్నీ పసుపు.

"ఇవి చర్మంతోనే నీళ్లు తాగుతాయి. నీ చేతికున్న ఉప్పూ కారం చాలు వీటిని చంపడానికి. ఇంకో టెర్మిన్ తీసుకో" అంది ఇంగ్లీషులో.

నా మీద నాకే ఒళ్లు మండింది. "వెనక్కి పోను. పదిసార్లయినా కడుక్కుంటాను. దేన్నీ ముట్టుకోను" అన్నాను. ఆవిడ ఎగాదిగా చూసి, మోచేతుల దాకా రుద్దించి, చేతి తొడుగులు, వాళ్ల రబ్బరు బూట్లు వేయించి లోపలికి పంపింది.

బొటనవేలంత కప్ప. నిమ్మపండు రంగు ఒళ్లు, నల్ల మచ్చలు. గెంతలేదు, దాక్కోలేదు. నింపాదిగా అద్దం దాకా నడిచి వచ్చి ముందుకాలు ఎత్తి ఊపింది.

"నిన్ను పొమ్మంటోంది" అని నవ్వింది ఆవిడ. ఇక్కడ పుట్టినవాటికి అడవి కప్పలంత విషం ఉండదట. అయినా ఆ దర్జా ఏమీ తగ్గలేదు. అడవిలో వీటి తోటి కప్పల్ని చర్మానికి పట్టే బూజు రోగం తుడిచిపెడుతోందని ఆవిడ చెబుతుంటే నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. నాలుగింటిదాకా ఫొటోలు తీస్తూనే ఉన్నాను.

5.05కి తిరుగు రైలు. హాంబర్గ్‌లో అందరూ చూసే రేవు నేను చూడలేదు, చూశానని అబద్ధమూ చెప్పను. పద్నాలుగు కప్పల్ని చూశాను, ఏ రెండింటి మచ్చలూ ఒక్కలా లేవు. రైల్లోనే ప్రొఫెసర్‌కు రాశాను: "ఫొటోలు పంపుతున్నాను. పద్నాలుగింటికీ పేర్లు పెట్టేశాను. అంశం మార్చను."