ఆదివారం కూర్చోవలసిన ఇద్దరు

గ్రేసమ్మ గారు మంగళవారం తెల్లవారుజామున ఏలూరులో, నిద్రలోనే కన్నుమూశారు. "ఆదివారం మూడింటికండీ. మీరు పావు తక్కువకే వచ్చి గడియారం చూస్తుంటారని తెలుసు" అని ముందురోజు సాయంత్రమే ఫోనులో నన్ను ఆటపట్టించిన మనిషి. వార్త విన్నాక నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. పని సగంలో ఉంది.

మేమిద్దరం ఒకే బడిలో పాఠాలు చెప్పాం. ఆవిడ తెలుగు, నేను లెక్కలు. రిటైరయ్యాక ఆవిడ జైలుకు వెళ్లినవాళ్ల కుటుంబాలను వెతుక్కుంటూ తిరిగారు. ములాఖత్ రోజున వాళ్ల ఆడవాళ్లను బస్సెక్కించి జైలుకు తీసుకువెళ్లేవారు. పిల్లలను బడి మాననిచ్చేవారు కారు. బజారులో ఎవరైనా "దొంగల టీచరమ్మ" అంటే, "బడిలోనూ అంతేగా, అల్లరివాళ్లంతా నా వంతుకే వచ్చేవారు" అనేవారు.

శవపేటిక దగ్గర ఒకాయన "వందల కుటుంబాలను కలిపిన కరుణామూర్తి" అన్నారు. వందలు కావు. కరుణ మాట అటుంచి, తప్పు చేసినవాడిని, నష్టపోయినవాడిని ఎదురెదురుగా కూర్చోబెట్టే ఆవిడ పద్ధతి కఠినం. తప్పు చేసినవాడిని ముందుగా క్షమాపణ అడగనిచ్చేవారు కారు. నష్టపోయినవాడు చెప్పేది వినాలి. విన్నది తిరిగి చెప్పాలి. ఎదుటి మనిషి "అవునండీ, అదే" అనేదాకా మళ్లీ మళ్లీ చెప్పాలి. "క్షమించమనడం తేలికండీ. ఎదుటివాడి కష్టం అప్పజెప్పమంటే అప్పుడు తెలుస్తుంది" అనేవారు.

దెందులూరు దగ్గర చేపల చెరువు కౌలుకు చేసే నాగేశ్వరరావు మా బడిలో చదివినవాడే. చెరువుకు కాపలా ఉండే వెంకన్నను నలుగురిలో చెంపదెబ్బ కొట్టాడు. ఆ కసితో వెంకన్న చెరువులో పురుగుమందు పోశాడు. తెల్లారేసరికి చేపలన్నీ చచ్చి తేలాయి. వెంకన్న శిక్ష అనుభవించి వచ్చాడు. అతనికి గాని, భార్య లక్ష్మికి గాని ఊళ్లో ఎవరూ పని ఇవ్వలేదు. "నా గట్టు మీద వాడి నీడ పడకూడదు" అన్న నాగేశ్వరరావు ఇంటికి గ్రేసమ్మ గారు పదేపదే వెళ్లారు. చివరిసారి నేనూ ఉన్నాను.

"వాడు చెప్పడానికి ఏముందండీ?" అన్నాడు నాగేశ్వరరావు.

"వాడు చెప్పడు బాబూ. ముందు నువ్వు చెబుతావు, వాడు వింటాడు. తరవాత చెంపదెబ్బ సంగతి వాడు చెబుతాడు, నువ్వు వింటావు."

అతను చాలాసేపు పలకలేదు. ఆవిడా పలకలేదు. చివరికి, "ఆదివారం వస్తానండీ, మీరుంటేనే" అన్నాడు.

సమాధి దగ్గర లక్ష్మి నా చెయ్యి పట్టుకుని, "ఏవండీ, మరి ఆదివారమో?" అంది. అప్పటికే పెద్దలు సంస్మరణ సభ నిర్ణయించారు. అదే ఆదివారం, అదే మూడింటికి, అదే చర్చి హాలులో. ఆ హాలు నాగేశ్వరరావు, వెంకన్నల కోసం ఆవిడ అడిగి ఉంచుకున్నదని పెద్దలకు చెప్పాను.

"మహానుభావురాలి సభండీ. ఆ గొడవ ఇంకోసారి చూద్దాం."

ఆవిడ ఇన్నాళ్లూ పోట్లాడింది ఆ "ఇంకోసారి"తోనే.

సభలో నన్ను మాట్లాడమన్నారు. నేను వెళ్లను. ఈ నాలుగు మాటలే నా ప్రసంగం. నాగేశ్వరరావుకు ఫోను చేశాను.

"ఆవిడ లేరు కదండీ" అన్నాడు.

"లేరు. మా వసారాలో కుర్చీలున్నాయి" అన్నాను.

వస్తాననలేదు, రాననలేదు. అవతలివాడి మౌనాన్ని అంతసేపు మోసే ఓర్పు ఆవిడకుండేది. నాకు లేదు, ఇంకెవరికీ ఉన్నట్టు కనపడదు. ఆదివారం మూడింటికి హాలులో అందరూ లేచి ఆవిడ కోసం మౌనం పాటిస్తారట. ఆ వేళకు నేను మా వసారాలో వెంకన్న పక్కన కూర్చుని, వీధి గేటు వైపు చూస్తూ ఉంటాను.