రెండు జాకెట్ల కొలత

బడిలో చేర్చిన రోజు అమ్మమ్మ ఏడవలేదట. ఈ మాట ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో ఒక్కరూ నమ్మరు. ఇప్పుడు పక్కింట్లో ఎవరో ఉల్లిపాయలు తరిగితే ఇక్కడ ఆవిడ కళ్లు తుడుచుకునే రకం మరి. కానీ అది నిజమే.

అప్పటికి అమ్మమ్మకి ఏడేళ్లు. ముందు పళ్లు రెండు లేవు. తండ్రి అంతకుముందు ఏడే చనిపోయాడు. తల్లి ఇటుకల బట్టీలో మట్టి తొక్కేది. బట్టీ దగ్గర పిల్లలు ఏడెనిమిదేళ్లు రాగానే ఇటుకలు మోస్తారు, మోత మొదలైతే ఇక చదువు మాటే ఉండదు. అందుకని తల్లి, కూతురి నెత్తిన ఇటుక పడకముందే, లేనివాళ్ల పిల్లలకి తిండి పెట్టి, పడక ఇచ్చి, చదువు చెప్పే ఆ బడికి పొద్దున్నే నడిపించుకుని వచ్చింది. గేటు దగ్గర చెయ్యి వదిలేస్తూ,

"నేనెప్పుడొచ్చినా నవ్వుతూ కనబడాలి. సరేనా?" అంది.

"నువ్వు కూడా" అంది అమ్మమ్మ, పళ్లు లేని నోటితో.

ఆ ఒప్పందాన్ని ఇద్దరూ తొమ్మిదేళ్లపాటు తుచ తప్పకుండా పాటించారు. అదే కొంప ముంచింది.

బడిలో పొడుగాటి గది, నలభై ఇనప మంచాలు, ఒక్కో మంచం కింద ఒక్కో రేకు పెట్టె. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. నెలకో ఆదివారం, రెండు గంటలసేపు, వరండాలో ఇంటివాళ్లని చూడొచ్చు. తల్లి వచ్చేది, నవ్వేది. "బాగున్నావా?" "బాగున్నా. నువ్వు?" "నాకేం, దుక్కలా ఉన్నా." ఆ రెండు గంటలూ ఒకళ్ల నవ్వు ఒకళ్లు చూసుకోవడంతోనే అయిపోయేవి. పక్క మంచం పిల్లకి జ్వరమొచ్చిందనీ, తనకి లెక్కల్లో సున్నా వచ్చిందనీ అమ్మమ్మ ఎప్పుడూ చెప్పలేదు. దగ్గుతున్నానని తల్లి ఎప్పుడూ చెప్పలేదు.

ఏడో తరగతి నుంచి ఆ బడిలో చదువుతో పాటు చేతి పని కూడా నేర్పేవారు. అమ్మమ్మకి కుట్టుపని వచ్చింది. వచ్చింది అంటే, ఆ గదిలోకి తోశారు అని. పన్నెండు తొక్కుడు మిషన్లు, వాటి మధ్య కత్తెర పట్టుకుని తిరిగే ఒక టీచరు. ఆవిడ అసలు పేరు పిల్లలందరూ మర్చిపోయారు. రోజుకి వందసార్లు "ఊడదియ్యి" అంటుంది కాబట్టి ఊడదీత టీచరు అనేవాళ్లు.

"ఇదేమిటే, కుట్టా, కప్ప గెంతిందా?"

"కొంచెమే వంకరండీ."

"నా ముక్కూ కొంచెమే వంకర. అది దేవుడి పని, నేనేం చెయ్యలేను. ఇది నీ పని. ఊడదియ్యి."

ఒకరి కుట్టు ఇంకొకరు విప్పకూడదు. ఏడుస్తూనైనా సరే, ఎవరి తప్పు వాళ్లే పోగు పోగుగా ఊడదియ్యాలి. అమ్మమ్మ ఒకే జాకెట్టు చేతిని ఏడుసార్లు ఊడదీసింది. ఎనిమిదోసారి టీచరు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "ఊడదియ్యి" అనకుండా పక్క మిషను దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు అమ్మమ్మకి అన్నం సయించలేదు, సంతోషంతో. అంతకుముందు దేనికైనా "ఎవరు చూస్తార్లే" అనే పిల్ల, ఆ తర్వాత దుప్పటి మడత కూడా రెండోసారి చూసుకోకుండా వదల్లేదు. (ఈ రోగం ఇప్పటికీ తగ్గలేదు. ఇంట్లో ఎవరు బట్టలు మడిచినా ఆవిడ మళ్లీ విప్పి మడుస్తుంది.)

పదో తరగతి చివర పనికి కూడా పరీక్ష ఉండేది. తమ ఇంటి మనిషికి ఒక బట్ట కుట్టి, ఆ మనిషికే తొడిగి, బయటినుంచి వచ్చిన పరీక్షకుల ముందు నిలబెట్టాలి. అందులో నెగ్గినవాళ్లని బట్టల ఫ్యాక్టరీ తీసుకుంటుంది. జీతంతోపాటు ఒక గది కూడా ఇస్తుంది. ఆ గదిలోకి తల్లిని తెచ్చుకోవాలని, ఇక ఆవిడ కాలు మట్టిలో పెట్టకూడదని అమ్మమ్మ ఏడాది ముందే తీర్మానించేసింది. మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ అని సుద్దముక్కతో బల్ల మీద గీసుకుని తిట్లు కూడా తింది.

పరీక్షకి రెండు నెలల ముందు ఆదివారం తల్లి వచ్చింది. నవ్వుతూనే వచ్చింది. అమ్మమ్మ టేపు తీసుకుని ఛాతీ చుట్టూ వేసింది. ముప్ఫై నాలుగు. కానీ వేళ్ల కింద గుడ్డ మీద గుడ్డ జారింది. మడతలు పడే వదులు జాకెట్టు మీద ఇంకొకటి వేసుకుంది తల్లి. అమ్మమ్మ టేపు జరిపింది. భుజం కొలిచింది, నడుము కొలిచింది. చివరికి, ఏ అవసరమూ లేకపోయినా, మణికట్టు కొలిచింది. మణికట్టుకి ఎవరూ రెండు జాకెట్లు తొడగలేరు కదా. అయిదంగుళాలు కూడా లేదు.

"ఎంతొచ్చింది?" అంది తల్లి.

"ముప్ఫై నాలుగు."

"చూశావా, ఎప్పుడూ ఉన్నంతే."

"అవునమ్మా, ఎప్పుడూ ఉన్నంతే."

ఇద్దరూ నవ్వారు.

మర్నాడు అమ్మమ్మ గుడ్డ కత్తిరిస్తుంటే ఊడదీత టీచరు వెనకాల వచ్చి నిలబడింది.

"కొలతల పుస్తకంలో ముప్ఫై నాలుగు రాశావ్. ఇరవై ఎనిమిదికి కోశావ్. మతి ఉండే చేస్తున్నావా?"

"పుస్తకంలోది మా అమ్మ చూపించిందండీ. ఇది నేను చూసింది."

టీచరు కోసిన గుడ్డని మళ్లీ కొలిచి చూసింది. అర్థమయ్యాక గొంతు తగ్గించింది. "ఇంటికి వెళ్తావా? పెద్ద సారుతో నేను మాట్లాడతా. పరీక్ష వచ్చే ఏడు రాద్దువుగాని."

"వద్దండీ. నేను వెళ్తే, రెండు జాకెట్లు వేసుకుని ఎండలో అంత దూరం నడిచిన మనిషి కష్టం దండగైపోతుంది."

పదహారేళ్ల పిల్ల ఆ మాట అనడం తెలివో మొండితనమో ఎవరికీ తెలియదు. అమ్మమ్మకి ఇప్పటికీ తెలియదు.

పరీక్ష రోజున తల్లి పక్క గదిలోకి వెళ్లి కొత్త జాకెట్టు తొడుక్కుని వచ్చింది. అది ఇంకోదాని మీదికి ఎక్కదు కాబట్టి ఒట్టి ఒంటి మీదే వేసుకోవలసి వచ్చింది. అతికినట్టు సరిపోయింది. అందులో నిలబడ్డ మనిషి ఎంత చిక్కిపోయిందో గది గదంతా చూసింది. పరీక్షకుడు పక్క కుట్టు తిప్పి చూసి మొహం చిట్లించాడు.

"లోపల అరంగుళం వదలాలమ్మా. నువ్వు రెండంగుళాలు వదిలావ్. గుడ్డంతా దండగ. ఎందుకిలా?"

"మా అమ్మ మళ్లీ ఒళ్లు చేశాక విప్పుకోవడానికండీ."

ఆయన ఆ కుట్టుని జాగ్రత్తగా మళ్లీ లోపలికి మడిచాడు. మార్కులు మాత్రం తగ్గించాడు. నియమం నియమమే. అయినా అమ్మమ్మ నెగ్గింది.

వరండాలో తల్లీకూతుళ్లు గోడకానుకుని కూర్చున్నారు.

"ఆ రోజే తెలిసిందా?"

"తెలిసింది."

"మరి అడగలేదేమే?"

"అడిగితే ఇంటికి రానిస్తావా?"

"చెప్పుతో కొడతా."

"అందుకే అడగలేదు."

తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ వరండాలో ఇద్దరూ నవ్వలేదు.

అమ్మమ్మ తల్లితోపాటే ఇంటికి వెళ్లింది. డాక్టరు, ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదనీ, రెండు నెలల ముందు తీసుకొచ్చినా చెయ్యగలిగింది పెద్దగా ఉండేది కాదనీ చెప్పాడు. పెద్దగా అన్న ఆ ఒక్క మాటని అమ్మమ్మ జన్మంతా నమిలింది.

పది రోజుల తర్వాత, ఫలానా తేదీన ఫ్యాక్టరీలో చేరమని కాగితం వచ్చింది. ఆ రోజు రాకపోతే చోటు ఇంకొకరికి పోతుంది. చేరాల్సిన రోజు తల్లి తెల్లవారకముందే లేపింది.

"లే. బయల్దేరు."

"వెళ్లను."

"ఇందుకేనా నిన్ను చదివించింది?"

"నువ్వు చదివించావ్, నేను చదివాను. ఆ లెక్క అయిపోయింది. ఇక నేను వెళ్లను."

తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు మాట్లాడలేదు. నీళ్లిస్తే తాగేది, మొహం చూసేది కాదు. ఉన్నవే కాసిని రోజులు, అందులో మూడు అలా అలకలో కరిగిపోయాయి. నాలుగో రోజు తల్లి నోరు విప్పి గోరువెచ్చని నీళ్లు అడిగింది. చల్లని నీళ్లు ఆవిడకి పడవని అమ్మమ్మకి అప్పుడే తెలిసింది. తల దువ్వుతుంటే చెవి వెనక పాత మచ్చ ఒకటి కనబడింది.

"ఇదెప్పటిదే అమ్మా?"

"నువ్వు పుట్టకముందుది. నా సంగతులు నీకేం తెలుసు? నీ సంగతులు నాకేం తెలుసు? చెప్పు, ఆ బళ్లో మొదటి రోజు ఏం చేశావ్?"

అమ్మమ్మ మొదలుపెట్టింది. మొదటి రోజు, పక్క మంచం పిల్ల, లెక్కల్లో సున్నా, దొంగతనంగా తిన్న బెల్లం, జ్వరం, కొట్లాటలు, ఏదీ వదలకుండా, ఏదీ మంచిగా మార్చకుండా, రోజుకి కొంచెం కొంచెం. తల్లి కళ్లు మూసుకుని వినేది. మధ్యలో "సున్నా వచ్చిందా? దొంగముండా, నాకు నవ్వుతూ కనబడ్డావే!" అని దగ్గుతూ నవ్వేది. ఈసారి అది నిజం నవ్వే.

తర్వాత అమ్మమ్మ వీధి చివర దర్జీ కొట్లో కాజాలు కుట్టింది, సొంత మిషను పెట్టుకుంది, ముగ్గురు పిల్లల్ని పెంచింది. అదంతా వేరే సంగతి. ఎవరైనా బడి గురించి అడిగితే హుషారుగా చెబుతుంది, ఆరో తరగతి దాకా. అక్కడికి రాగానే పొయ్యి మీద ఏదో ఉందని లేచిపోతుంది. మిషన్లు, టీచరు, పరీక్ష, ఇవన్నీ ఆ పక్క మంచం స్నేహితురాలు చెప్పినవే.

అప్పట్లో తల్లికి చెప్పడం ఆరో తరగతి పరీక్షల దాకా వచ్చింది. మర్నాడు ఏడో తరగతి మొదలుపెట్టాలి, మొదటిసారి మిషను తొక్కిన రోజు. తెల్లారి అమ్మమ్మ గోరువెచ్చని నీళ్లు పట్టుకుని వెళ్లి, "అమ్మా" అని పిలిచింది. ఆ నీళ్లు ఆవిడ చేతిలోనే చల్లారిపోయాయి.