బిందె మూత చెప్పిన జవాబు

వీరులపాడుకు చెందిన పరిమళను సర్వే పనిలోంచి తీసేశారు. నోటీసు ఇవ్వలేదు, సంజాయిషీ అడగలేదు. ఆమె సేకరించిన నూట పన్నెండు ఇళ్ల జవాబులను నమ్మదగనివని పక్కన పెట్టారు.

పరిమళ బీఈడీ చదివింది. తల్లి మిరప కోతలకు వెళ్తుంది. టీచర్ ఉద్యోగం రాక నందిగామలో ఒక సర్వే సంస్థలో చేరింది. జగ్గయ్యపేట అవతల, లారీలను మళ్లించిన రోడ్డు పక్క కాలనీలో దుమ్ము బాధ ఎంతో ఒకటి నుంచి ఐదు వరకు అంకెల్లో నమోదు చేయాలి. ఒకటి దగ్గర ‘బాధ లేదు’, ఐదు దగ్గర ‘తీవ్రం’ అని ఉంది. నడుమ అంకెలకు మాటల్లేవు. సగటు మూడు దాటితేనే అధికారులు లారీల దారి మారుస్తారు.

మొదటి రోజు లూర్దమ్మ దగ్గుతూనే, "మూడేసుకో అమ్మాయ్" అంది.

"ఇంత దగ్గుతూ మూడేంటత్తా?"

"ఐదుకి మూడంటే ఫస్ట్ క్లాసేగా! మావాడికే ఏనాడూ రాలా. దుమ్ముకిచ్చా, చాలదా?"

సాయంత్రానికి ముప్పై ఇళ్లూ మూడే అన్నాయి.

తిరుగు బస్సులో పరిమళకు సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. ఆ కాలనీలో బిందె మూత మీద దుమ్ము తుడవకుండా ఎవరూ నీళ్లు ముంచరు. అది గుర్తొచ్చి, అట్ట మీద ఐదు గడులు గీసి, ఒకటి నుంచి ఐదు వరకు ఒక్కో అంకెకు మాటలు రాసింది. తుడవక్కర్లేదు, వారానికోసారి, రోజుకోసారి, పూటపూటకీ, తుడిచి చెయ్యి తీసేలోపే మళ్లీ.

మర్నాడు ఆ ముప్పై ఇళ్లతోనే మళ్లీ మొదలుపెట్టింది. లూర్దమ్మ వేలు నేరుగా చివరి గడి మీద పడింది. "ఇది నిన్ననే చూపిస్తే మార్కులేసేదాన్నా?"

ఆ అట్టతో నూట పన్నెండు ఇళ్లూ పూర్తయ్యాక, నందిగామ ఆఫీసులో సూపర్‌వైజర్ కిషోర్‌బాబు ట్యాబ్ ఆమె వైపు తిప్పాడు. "అన్నీ నాలుగులూ ఐదులేనా? మీరే చెప్పించినట్టుందండీ."

"చెప్పించలా సార్. మీరు ఖాళీగా వదిలిన చోట మాటలు రాసా."

అనుమతి అడగకపోవడం ఆమె పొరపాటే. దాన్ని ఆమె దాచలేదు. అట్టను తానే బల్ల మీద పెట్టింది. మర్నాటి నుంచి రావద్దన్నారు.

వారంగా ఆమె ఇంట్లో నిలవలేకపోతోంది. కాలనీకి వెళ్తుంది. "మా జవాబులు పంపావా?" అని లూర్దమ్మ అడుగుతుంది. పరిమళ తిరుగు బస్సెక్కుతుంది. సోమవారం అధికారులకు వెళ్లే నివేదికలో ఉన్నవి మొదటి రోజు ముప్పై ఇళ్లు చెప్పిన మూడులే.

సంస్థ నిర్వాహకులారా, పరిమళను ఎందుకు తీసేశారో రాతపూర్వకంగా చెప్పండి, ఆమెను తిరిగి పనిలోకి తీసుకోండి. ఆమె తెచ్చిన జవాబులు నమ్మరా? ఐదు అంకెలకూ మాటలు రాసి, మీరే ఆ నూట పన్నెండు తలుపులూ తట్టండి. అంతవరకు ఆ నివేదికను ఆపండి.