మా నాన్న విరగ్గొట్టిన గిటార్

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదేనండీ. ఇప్పుడు నా మొదటి పాట కూడా బయటికొచ్చేసింది! అందులో డ్రమ్ములనుకుంటున్నారే, అవి మా నాన్న కొట్టిన దెబ్బలండీ.

కొల్లేరు పక్కన మా చేపల చెరువు గట్టు మీద, మేత బస్తాల పాకే నా స్టూడియో. గట్టున డబ్బా మోగుతూ ఉండాలి, లేకపోతే నీటికాకులు వాలిపోతాయి. ఆవేళ రికార్డింగ్‌కి చప్పుడు లేకుండా ఉండాలని నేనే డబ్బా కొట్టడం ఆపాను. నా పాట అయ్యేలోపు నీటికాకులు చేపపిల్లల్ని మింగేశాయి. నాన్న కర్ర పట్టుకుని పాకలోకి దూకాడు.

"డిగ్రీ చదివింది నీటికాకుల్ని మేపడానికంట్రా?"

మొదటి దెబ్బకి నా వీపు చిట్లింది. ఆ తర్వాతవన్నీ గిటార్ మీదే. తీగ తెగి నా చెంప చీరేసింది. చెక్క పొడైపోయేదాకా కొట్టాడు. మైకు ఆన్‌లోనే ఉంది.

తాడేపల్లిగూడెంలో ఫ్రెండ్ గదిలో కూర్చుని, ఆ దెబ్బల మీదే పాటంతా కట్టాను. ఇవాళ పొద్దున పాకకొచ్చి నాన్నకి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"చివరి దెబ్బ సరిగ్గా పళ్ళేదురా. మళ్ళీ కొట్టనా?" అంటూ కర్ర తీశాడు.

మొన్ననే కొనుక్కున్న కొత్త గిటార్ గబగబా దాచేసి, నాన్న ముందు డబ్బా పెట్టి, మైకు ఆన్ చేశానండీ.