మామ పైపులో పచ్చకర్పూరం

ఆ రోజుల్లో కొత్త కోడలికి దేవుడిచ్చిన నోటితో పెద్దగా పనుండేది కాదు. మామ ఎదుట మాట్లాడకూడదు, అత్త ముందు పెద్దగా నవ్వకూడదు, వంట చేస్తూ రుచి చూడకూడదు. ఈ చివరిది మా ఇళ్లలో మరీ పట్టింపు. నైవేద్యం పెట్టకముందే ఎంగిలి కాకూడదు కనుక, ఉప్పు సరిపోయిందో లేదో ఉడుకుతున్న గిన్నె మీదికి వంగి ముక్కుతోనే తేల్చుకోవాలి. (వాసన కూడా చూడకూడదనేవాళ్లు ఉన్నారు. వాళ్ల చారు తాగే భాగ్యం నాకు కలగలేదు.) పైగా మా నాయనకు తిరుపతిలో పూజాసామాన్ల అంగడి. పచ్చకర్పూరం, వట్టివేరు, సాంబ్రాణి, జాజికాయల మధ్య పెరిగినదాన్ని. చిత్తూరులో మెట్టినింటికి నేను తెచ్చుకున్న ఆస్తి ఏదైనా ఉందంటే ఈ ముక్కే. అది కాస్త పొడుగని పెళ్లిచూపుల్లో ఎవరో అన్నారట, పోనివ్వండి.

మా మామ మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాకులోని బస్రా దాకా పోయి, పటాలానికి సామాన్లు అందించే చోట గుమాస్తాగా పనిచేసి వచ్చినవాడు. వస్తూ వస్తూ ఒక పైపు తెచ్చుకున్నాడు. వీధి అరుగు మీద పడక కుర్చీలో కూర్చుని, దొరల సీమనుంచి ఓడలో వచ్చే డబ్బా పొగాకు అందులో కూరి ఆయన పీలుస్తుంటే, కొత్తవాళ్లు అదేదో ఆఫీసనుకుని చెప్పులు విడిచి నిలబడేవారు. మా అత్తకు మాత్రం అది 'ఆ పొగ్గొట్టం'. ఇంతలో రెండో యుద్ధం వచ్చింది, డబ్బాలు రావడం ఆగిపోయింది. మామ ఖాళీ డబ్బా మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూసుకుని, మళ్లీ మూత పెట్టేసేవాడు. ఆ మూత టప్పుమన్నదంటే ఇంట్లో ఎవరికో ఒకరికి తిట్లు ఖాయం.

సరిగ్గా అప్పుడే తిరుపతిలో మా చెల్లెలి పెళ్లి కుదిరింది. నెల ముందే పోవాలి, అమ్మతో కూర్చుని అప్పడాలు ఒత్తాలి, చెల్లెల్ని ఏడిపించాలి అని నా ప్రాణం కొట్టుకుంటోంది. మా ఇంటాయన ధైర్యం చేసి అరుగు మీదికి పోయాడు.

"నాయనా, అది ఇప్పుడే పుట్టింటికి పోతానంటా ఉండాది."

మూత టప్పుమంది. "పెండ్లినాటికి పోతే సాలు. ముందే పోయి ఆడేం సేస్తాది, పందిరి మోస్తాదా?"

తలుపు వెనక నిలబడి ఇదంతా విన్నాను. కళ్లలో నీళ్లు తిరిగినా, బుర్ర మాత్రం పనిచేసింది. పైపు నిండితే మామ మనసు మెత్తబడుతుంది, మామ మెత్తబడితే నాకు తిరుపతి దొరుకుతుంది. మా ఇంటాయన చేత సంతలో నాటు పొగాకు తెప్పించి, కత్తిపీట మీద సన్నగా తరిగాను. కలపడం సరే, రుచి చూసేదెవరు? "నాయన పైపు నేను నోట్లో పెట్టుకుంటే కండ్లు పోతాయి" అని ఆయన తప్పించుకున్నాడు. ఇక మిగిలింది నా ముక్కు. నైవేద్యానికి పనికొచ్చినది పొగాకుకు పనికిరాదా అనుకున్నాను. సంతలో తయారుగా దొరికిందని చెప్పి ఆయన అందిస్తాడు, నేను తలుపు వెనక నిలబడి మామ దగ్గును బట్టి తీర్పు తెలుసుకుంటాను. ఇదీ ఏర్పాటు.

మొదట తాటిబెల్లం పాకం పట్టాను. మామ పర్వాలేదన్నట్టు మూలిగాడు కానీ, తెల్లారేసరికి పైపులోకి చీమలు బారులు తీరాయి. తరవాత బంగారుపాళ్యం నుంచి వచ్చిన మామిడి తాండ్ర కరిగించి కలిపాను. అది మండలేదు, ఉడికింది. "ఏంరా ఇది, పొగాకా, హల్వానా?" అని మామ కొడుకు మీద విరుచుకుపడ్డాడు. ఆ పైన జాజికాయ. దాంతో మామ కుర్చీలోనే ఎంతకూ లేవకుండా నిద్రపోతే, అత్త హడలిపోయి ఆయన ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోందని తేలాక నేరుగా వంటింట్లోకి వచ్చింది. "ఏం పెట్టినావే ఆయనకు?" అంది. చెప్పక తప్పలేదు. తిట్టలేదు కానీ, కత్తిపీట బాగా కడగమంది.

చివరికి మా అంగడే గుర్తొచ్చింది. తడిపిన వట్టివేరులో పొగాకును ఒక పూట చుట్టిపెట్టి, చుక్క తేనె, రెండు ఏలకులు, ఆవగింజంత పచ్చకర్పూరం చేర్చాను. మామ వెలిగించాడు. దగ్గు లేదు. "ఊఁ..." అని ఒక దీర్ఘం. నా గుండె తిరుపతి దాకా పోయి వచ్చింది. ఇంతలో వీధిలో పోతున్న ఒక ముసలామె ఆగిపోయి, ముక్కు ఎగబీల్చి, అరుగు వైపు రెండు చేతులూ జోడించి "గోవిందా!" అంది. పైపు నోట్లో పెట్టుకునే మామ గంభీరంగా తలూపాడు. లోపల అత్త కూడా, ఎవరో తీర్థం తెచ్చారనుకుని చెయ్యి కడుక్కుని అరుగు మీదికి వచ్చింది, సంగతి చూసి తల కొట్టుకుంది.

ఇక అడగడమే తరువాయి. మా ఇంటాయన అడిగాడు.

"ఇప్పుడా? ఆ పిల్ల పోతే ఇది ఎవురు కలుపుతారు? పెండ్లికి ముందునాడు పోనీలే" అన్నాడు మామ.

(కలుపుతున్నది నేనని ఆయనకు ఎప్పటినుంచో తెలుసన్నమాట!)

నా ముక్కు నాకే ఎదురుతిరిగింది. పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అత్త కాసేపు చూసి, కొంగు నడుముకు చుట్టి, నా పక్కన పీట వేసుకుంది. "ఏడిస్తే పొయ్యి ఆరిపోతాది. ఎట్ట కలిపేదో నాకు సూపీ. మీ మామకు నేను సెప్పుకుంటా, నువ్వు రేపే పో" అంది. ఆమె మీద అంత ప్రేమ నాకు అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు. అన్నీ చూపించాను.

"సరే, సరిపోయిందా లేదా అని ఎట్ట తెలిసేది?"

"నైవేద్యం మాదిరే అత్తా. వాసనతోనే."

అత్త నమ్మనట్టు చూసింది. మర్నాడే బొగ్గుతో నడిచే బస్సెక్కాను. యుద్ధం రోజుల్లో పెట్రోలు లేక బస్సులకు వెనక బొగ్గు కుంపటి కట్టేవారు, దిగేసరికి మనిషి మసిబారిపోయేది. నెలంతా పుట్టింట్లో అప్పడాలు ఒత్తి, పెళ్లి చూసి, చెల్లెల్ని అత్తారింటికి పంపి, అదే బస్సులో తిరిగొచ్చాను. మధ్యాహ్నం. అరుగు మీద మామ గుర్రు పెడుతున్నాడు. లేపడమెందుకని పెరటి తోవన వచ్చాను.

పెరట్లో రుబ్బురోలు పక్కన అత్త కూర్చుని ఉంది. కళ్లు మూసుకుని ఉంది. నోట్లో పైపు ఉంది.

నన్ను చూసి ఆమె కంగారేమీ పడలేదు. తీరిగ్గా పొగ వదిలింది. "దేవుడైతే ఏం పెట్టినా నోరెత్తడు. మీ మామ ఊరుకుంటాడా? రుసి సూడకుండా ఎట్ట పెట్టేది?" అని పైపు నా చేతికిచ్చింది. "సూడు, ఏలక్కాయ తగ్గినట్టు లేదూ?"

అన్ని రకాలు కలిపినదాన్ని, ఒక్కటీ రుచి చూడలేదు కదా. ఒక్క దమ్ము లాగాను. ఆ దగ్గు ఇప్పటికీ మరిచిపోలేను. పేగులు గొంతులోకి వచ్చాయి. అరుగు మీద గుర్రు ఆగింది. "ఎవురది?" అన్నాడు మామ.

"కోడలొచ్చినాది. బొగ్గు బస్సు పొగ పట్టింది పాపం" అంది అత్త, నా వీపు నిమురుతూ.

ఆ తరవాత కూడా పొగాకు అత్తే కలిపింది. నేను పక్కన కూర్చుని వాసన చెప్పేదాన్ని. మామ అప్పుడప్పుడూ గాలితో చెప్పినట్టు, "నిద్ర లేసేసరికి పైపు ఎచ్చగా ఉంటాదేమబ్బా, ఎండలు ముదిరినట్టుండాయి" అనేవాడు. వానాకాలంలో కూడా అనేవాడు.

వాళ్లిద్దరూ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేనూ ముసలిదాన్ని, నా వంట నేను నిర్భయంగా రుచి చూసుకుంటున్నాను. గుళ్లో పూజారి తీర్థం తెస్తే, పచ్చకర్పూరం వాసనకు అందరూ కళ్లు మూసుకుని గోవిందా అంటారు. నేనూ కళ్లు మూసుకుంటాను. నాకు మాత్రం రుబ్బురోలు పక్కన మా అత్త కనిపిస్తుంది, వెంటనే దగ్గు వస్తుంది. పక్కనున్న కోడలు పొలమారిందనుకుని వీపు నిమురుతుంది.