మస్తాన్ భాయ్ కట్టెలు, మా క్యాంపర్ ముక్కు బరువు

చలికాలం మొదలైందంటే సౌదీ కుటుంబాలకు ఇంట్లో కాలు నిలవదు. గుడారాలు, దుప్పట్లు, కాఫీ సామాను సర్దుకుని ఎడారి దారి పడతారు. మా కఫీల్, అంటే నన్ను వీసా మీద తెచ్చుకున్న యజమాని, ఏటా బురైదా ఊరి బయట గుడారాలు వేయిస్తాడు. ఈసారి ఒక చిక్కు వచ్చి పడింది. వాళ్ల నాన్నగారికి, మేమంతా బాబా అని పిలిచే పెద్దాయనకు, మోకాలి ఆపరేషన్ అయింది. నేల మీద పరుపు వేస్తే పడుకోగలడు గానీ లేవలేడు. ఎడారికి వెళ్లాల్సిందేనని ఆయన, వద్దని కొడుకు. ఆ తగువు తీర్చడానికే రియాద్‌లో మంచం, బాత్రూమ్ ఉన్న క్యాంపర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల గది, ఒకటి కొన్నారు. శుక్రవారం అసర్ నమాజు లోపు, అంటే మధ్యాహ్నం మూడు గంటల లోపు, అది అక్కడ నిలబడితే బాబా ఆ వారమంతా ఎడారిలో ఉంటాడు. లేకపోతే చలి ముదరకముందే ఇంటికి తీసుకెళ్లిపోతానని కఫీల్ తేల్చి చెప్పాడు. లాక్కెళ్లే పని నాకు అప్పగించాడు.

నాది జగిత్యాల దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా ఈ దేశంలో డ్రైవర్‌ని. పెద్ద ట్రెయిలర్ లారీలు తోలినవాణ్ణి కాబట్టి ఇదో లెక్కా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ అహంకారానికి నవ్వొస్తోంది. మా పికప్ ఇంటి అవసరాలకు వాడుకునే తేలికపాటి రకం, మూడు టన్నుల వరకు లాగుతుందని దాని పుస్తకంలో రాసి ఉంది. క్యాంపర్ ఖాళీ బరువు రెండున్నర టన్నులు. ఇంకా అర టన్ను మిగిలింది కదా అని ధీమాగా ఉన్నాను. అందులోకి ఏమేం ఎక్కుతున్నాయో, ఎక్కడ ఎక్కుతున్నాయో పట్టించుకోలేదు.

ఎక్కించింది మస్తాన్ భాయ్. రాయచోటి మనిషి, ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్లుగా వంటవాడు. వచ్చే నెల ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోతున్నాడు కాబట్టి బాబాకు ఆయన వండిపెట్టే ఆఖరి చలికాలం ఇదే. క్యాంపులో ఆయనకు ఒక పట్టింపు ఉంది. బండి ఆగిన పది నిమిషాల్లో పొయ్యి వెలగాలి, బాబా చేతికి కాఫీ అందాలి. తర్వాతే గుడారమైనా గుంజలైనా. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అది తప్పలేదని ఎంత గర్వమో. గురువారం సాయంత్రం రియాద్‌లోని బతా బజారుకు వెళ్లి ఏలకులు కూడా తనే ఏరి తెచ్చుకున్నాడు. ఇక్కడి చెట్లు కొట్టకూడదు గనుక దిగుమతి కట్టెలు నూటయాభై కిలోలు బస్తాల్లో కొని, వాటితోపాటు ఇనప గుండిగలు, బియ్యం బస్తాలు అన్నీ క్యాంపర్ వెనక తలుపు దగ్గరే పేర్చాడు.

"దిగంగానే తలుపు తీస్తే కట్టె చేతికి రావాలప్పా. ముందర పెడితే అన్నీ తొవ్వుకోవాల" అన్నాడు. సబబుగానే తోచి నేనూ తలూపాను. నీళ్ల ట్యాంకు కూడా వెనకే ఉంది, దాన్నీ అంచుదాకా నింపాం.

శుక్రవారం ఫజర్ నమాజు అయ్యాక ఐదున్నరకు నేనూ మస్తాన్ భాయ్ బయల్దేరాం. కఫీల్, బాబా వేరే కారులో నేరుగా క్యాంపుకు వస్తారు. కొక్కెం కింద గొలుసులు అడ్డంగా తగిలించాను, లైట్లు చూశాను, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాను, పక్క అద్దాలకు పొడుగు అద్దాలు బిగించాను. ఇంత బరువు తగిలించినా పికప్ వెనక భాగం కిందికి దిగలేదు. బండి బలమైంది అని మురిసిపోయాను. అది చెడ్డ గుర్తని నాకు తెలియదు. రియాద్ నుంచి మేం చేరాల్సిన చోటికి మూడు వందల అరవై కిలోమీటర్లు, దారంతా వెడల్పాటి హైవే. తొంభైలో వెళ్తూ, రోడ్డు నున్నగా ఉందని మెల్లగా వందకు ఎక్కించాను. పదకొండుకల్లా చేరిపోతామని మస్తాన్ భాయ్‌కి హామీ కూడా ఇచ్చేశాను.

ఏడు గంటలప్పుడు ఒక చిన్న దిగుడులో పెద్ద బస్సు మమ్మల్ని దాటింది. దాని గాలి తగిలి క్యాంపర్ తోక కుడికి కదిలింది, తర్వాత ఎడమకు, ఆ తర్వాత ఇంకా ఎక్కువగా కుడికి. స్టీరింగ్ చేతిలో ఉంది గానీ బండి చేతిలో లేదు. కాలు బ్రేకు మీదికి పోబోయింది. ఆ సమయంలో బ్రేకు తొక్కితే వెనకది ముందుకు తోసుకొచ్చి బండిని తిప్పేస్తుందని ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చింది. యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా పట్టుకుని, క్యాంపర్ చక్రాలకు మాత్రమే పనిచేసే చేతి బ్రేకు మీటను మెల్లగా నొక్కాను. నాలుగైదు ఊపుల తర్వాత నెమ్మదించింది. పక్కన మస్తాన్ భాయ్ కళ్లు మూసుకుని కలిమా చదువుతున్నాడు. అంత భయం నాకు ఈ దేశంలో ఎప్పుడూ వేయలేదు.

బండి పక్కకు ఆపాక నా నోరు ఊరుకోలేదు. "నీ కట్టెలే మనల్ని చంపుతుండె భాయ్" అనేశాను.

ఆయన కోపగించుకోలేదు. "నువ్వు డ్రైవరు గదప్పా. చెప్పింటే ముందరే పెట్టింటి" అన్నాడు. నిజమే. చెప్పాల్సిన పని నాది, చెప్పలేదు. సిగ్గేసి క్షమించమని అడిగాను.

యాభై మించకుండా నడిపి, లారీలు ఆగే పెట్రోలు బంకు దగ్గరి తూకం కాటాకు చేరాం. లారీల వరసలో చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. కాటా నడిపే పెషావర్ పెద్దమనిషి మా కథ విని, ఉర్దూలో చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. వెనక బండి ముక్కు, అంటే కొక్కెం మీద కూర్చునే భాగం, మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకూడదట, ఏడో వంతు దాటకూడదట. తక్కువైతే తోక ఊగుతుంది, మరీ ఎక్కువైతే పికప్ ముందు చక్రాలు తేలిపోతాయి. క్యాంపర్‌ను విప్పించి, ముందున్న జాకీ కాలు ఒక్కటే కాటా మీద ఉండేలా నిలబెట్టించాడు. ముక్కు బరువు నూట ఇరవై కిలోలు. మొత్తం మూడు టన్నుల మూడు వందల కిలోలు. రెండు లెక్కలూ తప్పే. ఇదంతా చూపించినందుకు తీసుకున్నది ఇరవై రియాళ్లు.

కఫీల్‌కు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాను. ప్రాణాలు దక్కాయి, అది చాలు అన్నాడు. కానీ అసర్ మాట మారలేదు, నాన్నను చలిలో కూర్చోబెట్టొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడట. బరువు ఎలాగూ దించాలి. నీళ్ల ట్యాంకు ఖాళీ చేస్తే రెండు వందల కిలోలు పోతుంది. ఇంకో వంద కిలోలకు పైగా తగ్గాలి. ఏది దించాలో నాకు తెలుసు గానీ పొద్దున అన్న మాట తర్వాత మళ్లీ నోరు రాలేదు. మస్తాన్ భాయ్ వెనక తలుపు తీసి, తనే మొదటి బస్తా భుజాన వేసుకున్నాడు.

"మంచం లేకుంటే బాబా పండుకోలేడు. మంట లేకుంటే దుప్పటి కప్పుకుంటాడులే. దించుదాం పట్టు" అన్నాడు.

నీళ్లను కాటా దగ్గరి పీపాల్లోకి వదిలాం, కట్టెలు ఆ పెద్దమనిషి టీ పొయ్యికి ఇచ్చేశాం. గుండిగలు, బియ్యం చక్రాలకు ముందు వైపుకు మోసి తాళ్లతో కట్టాం. అంతలో జుమా నమాజుకు కాటా మూసేశారు. మస్తాన్ భాయ్ నమాజుకు వెళ్లొచ్చాక మళ్లీ తూచాం. ముక్కు మూడు వందల నలభై, మొత్తం మూడు టన్నుల లోపు. పికప్ వెనక భాగం ఇప్పుడు కాస్త కిందికి దిగింది, దిగాలి కూడా. ఒంటిగంటకు బయల్దేరి ఎనభై దాటకుండా నడిపాను. లారీలు దాటుతున్నా క్యాంపర్ కదలకుండా వెనకే వచ్చింది. దారి మొత్తానికి పెట్రోలు రెండు వందల ఇరవై రియాళ్లు అయింది.  మూడు దాటినప్పుడు మస్తాన్ భాయ్ నా ఫోన్‌లో టైం చూసి కిటికీ వైపు తిరిగాడు. 

హైవే దిగి, గులకరాళ్ల దారిలో ఇరవై వేగంతో క్యాంపు చేరేసరికి నాలుగుంబావు. కఫీల్ కారు ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన చిన్న ఇనప కుంపటిలో బొగ్గులు ఎర్రగా రాజుకున్నాయి. సౌదీల కారు డిక్కీలో ఎప్పుడూ ఉండే కుంపటే అది. బాబా మడత కుర్చీలో ఆపరేషన్ కాలు చాచుకుని, భుజాల మీద గొర్రెతోలు కోటుతో, కాఫీ కూజాను తనే కాస్తున్నాడు. క్యాంపర్ రాకపోతే కారులోనే పడుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడని కొడుకు నిస్సహాయంగా నవ్వాడు.

మస్తాన్ భాయ్ పరుగున వెళ్లి కూజా అందుకోబోయాడు. బాబా చేత్తో వారించి, పక్కనున్న పీట చూపించి అరబీలో అన్నాడు. "పంతొమ్మిదేళ్లు నా పొయ్యి నువ్వు వెలిగించావు మస్తాన్. ఇవాళ నువ్వు కూర్చో."

మొదటి చిన్నకప్పు మస్తాన్ భాయ్‌కే పోశాడు. ఇక్కడ కప్పును అటూ ఇటూ కదిలిస్తే 'ఇక చాలు' అని అర్థం, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఇన్నేళ్లూ నిలబడి పోయడమే తప్ప కూర్చుని తాగని మస్తాన్ భాయ్‌కి కప్పు కదిలించాలని తోచలేదు. రెండోది పోశాడు, మూడోది పోశాడు, ఐదోదీ పోశాడు. మస్తాన్ భాయ్ కళ్ల నీళ్లతో తాగుతూనే ఉన్నాడు. చివరికి బాబానే ఆ చెయ్యి పట్టుకుని కప్పును కదిలించి చూపించి నవ్వాడు. నేను క్యాంపర్ కిందికి దూరి, అవసరం లేకపోయినా గొలుసులు చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజంతా నన్ను తరిమింది గడియారమే. పొద్దున వందకు ఎక్కించింది దాని కోసమే, మస్తాన్ భాయ్ కట్టెలు వెనక పేర్చిందీ దాని కోసమే. ఇద్దరం బాబా కోసమే తొందరపడ్డాం, ఆ తొందరలో ఇద్దరం పోయేవాళ్లం. అందుకే తేలికపాటి పికప్‌తో క్యాంపర్ లాగబోయేవారికి నేను చెప్పేది ఒకటే. సామాను మొత్తం ఎక్కించాక, హైవే ఎక్కక ముందే, కాటా మీద ముక్కు బరువు తూయించుకోండి, తేడా ఉంటే అక్కడే దించేయండి. ఆలస్యమైతే కానివ్వండి. మీకోసం ఎదురుచూసేవాళ్లకు కూడా పొయ్యి వెలిగించడం వచ్చు.